బయటి సాఫ్ట్‌వేర్ వేసేముందు అడగాల్సిన ప్రశ్న: దీనికి రేపు అప్‌డేట్ ఎవరిస్తారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విండోస్ వదిలి ఉబుంటు అనే లినక్స్ రకానికి, దాని 24.04 వెర్షన్‌కి వచ్చారు. అప్‌డేట్ చేస్తే ఏదైనా పాడవుతుందేమోనన్న భయంతో నెలల తరబడి వాయిదా వేస్తూ వచ్చారు. ఈలోగా నెట్‌లో దొరికిన కమాండ్లతో రెండు మూడు పీపీఏలు (ఎవరైనా పెట్టుకోగలిగే విడి ప్యాకేజీ నిల్వలు) చేర్చారు, కొన్ని డెబ్ ఫైళ్లు (ఉబుంటు ఇన్‌స్టాల్ ఫైళ్లు) ఎక్కించారు, ఒక ఇన్‌స్టాల్ స్క్రిప్టు కూడా నడిపారు. ఇప్పుడు "ఆప్ట్ అప్‌డేట్" (ఆప్ట్ అంటే ఉబుంటులో ప్యాకేజీలు ఎక్కించే, తీసే సాధనం) కొడితే ఎర్రర్లు వస్తున్నాయి, "ఆప్ట్ అప్‌గ్రేడ్" కొడితే కొన్ని ప్యాకేజీలు "కెప్ట్ బ్యాక్" అంటోంది. అంతా తుడిచేసి మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగారు.

అక్కర్లేదండి. మీరు రాసిన ఎర్రర్లలో ఒక్కటి కూడా సిస్టమ్ పాడైందని చెప్పేది కాదు. మీ కంప్యూటర్‌కి ఇప్పుడు నాలుగైదు వేర్వేరు చోట్ల నుంచి సాఫ్ట్‌వేర్ వస్తోంది, వాటిలో ఒకటి రెండు చోట్లు సరిగా పలకడం లేదు. అంతే. ఏది ఎక్కడి నుంచి వస్తోందో ఒకసారి తెలుసుకుంటే అప్‌డేట్ అంటే ఉండే టెన్షన్ చాలావరకు పోతుంది. అందుకని ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత మీ ఎర్రర్ల దగ్గరికి వస్తాను.

విండోస్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ తన అప్‌డేట్ తానే చూసుకుంటుంది. ఉబుంటు, డెబియన్, ఫెడోరా లాంటి వాటిలో పద్ధతి వేరు. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ దగ్గర్నుంచి క్యాలిక్యులేటర్ దాకా వేల ప్యాకేజీలు ఆ డిస్ట్రో (లినక్స్ రకం) సొంత రిపోజిటరీ (ప్యాకేజీల నిల్వ) నుంచే వస్తాయి. వాటిని ఒకదానికొకటి సరిపోయేలా కంపైల్ చేసి, పరీక్షించి, డిజిటల్ సంతకం పెట్టి బయటికి వదులుతారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (నెట్‌లో డేటాను గుప్తంగా పంపడానికి వాడేది) లాంటి లైబ్రరీ ఒకే ఒక్కటి ఉంటుంది, దాన్ని ఎన్నో ప్రోగ్రాములు పంచుకుంటాయి. అందులో భద్రతా లోపం బయటపడితే ఆ ఒక్క ప్యాకేజీని మారిస్తే చాలు, దాని మీద ఆధారపడిన వాటన్నిటికీ మరమ్మతు జరిగిపోయినట్టే. అయితే బయటి నుంచి వచ్చిన ప్యాకేజీ ఏదైనా ఆ ఉమ్మడి లైబ్రరీనే మార్చేస్తే, దెబ్బ కూడా అన్నిటికీ తగులుతుంది.

అందుకే బయటి సాఫ్ట్‌వేర్ ఏది వేసుకోవాలన్నా నేను ముందు చూసేది అది ఎలా ఇన్‌స్టాల్ అవుతుందని కాదు, దానికి రేపు అప్‌డేట్ ఎవరిస్తారు, అది నా దగ్గరికి ఎలా వస్తుంది అని. ఇన్‌స్టాల్ అయిదు నిమిషాల పని. ఆ తర్వాత ఆ ప్రోగ్రాము మన దగ్గర ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ ఏళ్లలో దానిలో లోపాలు బయటపడతాయి. వాటిని సరిచేసి మనకు పంపే మనిషో సంస్థో ఉన్నారా లేదా అన్నదే అసలు విషయం.

దీనితో ముడిపడ్డ ఇంకో సంగతి నమ్మకం. డెబ్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు దాని లోపలి స్క్రిప్టులు రూట్ హక్కులతో నడుస్తాయి. అంటే మీ సిస్టమ్‌లో ఏం చేయాలన్నా చేయగలవు. పీపీఏ చేర్చినప్పుడు మీరు తెచ్చుకుంటున్నది ఒక్క ప్రోగ్రామే అనుకుంటారు. నిజానికి ఆ పీపీఏ నడిపేవాళ్లు ఇకముందు అందులో ఏ ప్యాకేజీ పెట్టినా అది మీ అప్‌గ్రేడ్‌లోకి రావడానికి దారి తెరిచినట్టే. ఉబుంటు రిపోజిటరీకీ పీపీఏకీ ఆప్ట్ మామూలుగా ఒకే ప్రాధాన్యం ఇస్తుంది, అది 500. రెండు చోట్లా ఒకే పేరుతో ప్యాకేజీ ఉంటే వెర్షన్ నంబర్ ఏది పెద్దదైతే దాన్నే తీసుకుంటుంది. ఒక వీడియో ఎడిటర్ కోసం చేర్చిన పీపీఏ, తనకు కావాలని ఏ మల్టీమీడియా లైబ్రరీకో కొత్త వెర్షన్ పెట్టిందనుకోండి, అది మీ మిగతా ప్రోగ్రాములన్నిటి కిందకీ చేరిపోతుంది.

మరి జనం పీపీఏల వెంట ఎందుకు పడతారు? చాలాసార్లు కారణం ఒక అపోహ. "ఉబుంటులో ఉన్నది పాత వెర్షన్, పాతది అంటే భద్రత లేనిది" అనుకోవడం. ఇది వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దీనివల్లే ఎంతోమంది అనవసరంగా సిస్టమ్ పాడుచేసుకుంటున్నారు. ఉబుంటు 24.04లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ 3.0.13. ఆ ప్రాజెక్టు వాళ్లు ఆ తర్వాత ఎన్నో కొత్త వెర్షన్లు తెచ్చారు. అయినా మీ దగ్గర ఆ 3.0.13 అన్నది మారదు. మారేది దాని వెనక హైఫన్ తర్వాత ఉండే ఉబుంటు నంబర్. కొత్త వెర్షన్‌లో వచ్చిన భద్రతా సవరణను మాత్రం విడదీసి, పాత కోడ్‌లోకి ఎక్కించి పంపుతారు. దీన్నే బ్యాక్‌పోర్ట్ చేయడం అంటారు. ప్రోగ్రాము ప్రవర్తన మారకూడదు, లోపం మాత్రం పోవాలి అన్నది ఉద్దేశం. అనుమానం ఉంటే "ఆప్ట్ చేంజ్‌లాగ్" అని రాసి పక్కన ప్యాకేజీ పేరు ఇవ్వండి. ఏ తేదీన ఏ సీవీఈ నంబర్ (భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు నంబర్) లోపాన్ని సరిచేశారో వరుసగా కనిపిస్తుంది. అది చదివాక పాత నంబర్ చూసి కంగారు పడే అవసరం ఉండదు.

కొత్తది కాబట్టి క్షేమం అనుకోవడానికీ లేదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్యాకేజీలో ఎవరో కావాలని దాచిన దొంగదారిని బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ మామూలు కంటే ఎందుకు నెమ్మదిగా ఉందో వెతుకుతూ పోతే అది దొరికింది. ఆ కోడ్ ఉన్నది 5.6.0, 5.6.1 వెర్షన్లలో, అంటే అప్పటికి అన్నిటికంటే కొత్తవాటిలో. డెబియన్‌లో నిలకడ కోసం ఉంచే స్టేబుల్ శాఖ వాడేవాళ్లకు అది చేరనేలేదు. టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖల్లోకి, ఫెడోరా అభివృద్ధి శాఖల్లోకి చేరింది. మీరు వాడుతున్న ఉబుంటు 24.04 అప్పుడు ఇంకా విడుదల కాలేదు, బీటా దగ్గర్లో ఉంది. ముందుజాగ్రత్తగా ప్యాకేజీలన్నిటినీ మళ్లీ కంపైల్ చేయడానికి ఆ బీటాను వారం వెనక్కి జరిపారు. అందుకని నా సలహా ఇది: భద్రతా సవరణలు ఆలస్యం లేకుండా తీసుకోండి, కొత్త సౌకర్యాల కోసం మాత్రం తొందరపడకండి. ఈ రెండూ వేర్వేరు పనులు. డిస్ట్రో స్టేబుల్ శాఖ చేసే మేలు వీటిని విడదీసి ఇవ్వడమే.

ఇప్పుడు రోజువారీ పని. "సుడో ఆప్ట్ అప్‌డేట్" ఏ ప్రోగ్రామునూ మార్చదు. రిపోజిటరీల్లో ఏమేం ఉన్నాయో ఆ జాబితాను మాత్రం తాజా చేస్తుంది. "సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్" ఉన్నవాటిని కొత్తవాటితో మారుస్తుంది, అవసరమైతే అదనంగా కొత్త ప్యాకేజీ తెస్తుంది, కానీ దేన్నీ తీసేయదు. "ఫుల్ అప్‌గ్రేడ్" అవసరమనుకుంటే తీసేస్తుంది కూడా. మీరు వారానికి ఒకసారి మొదటి రెండూ కొడితే సరిపోతుంది. భద్రతా సవరణల కోసం వారం ఆగాల్సిన పని కూడా లేదు. ఉబుంటులో అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే ఏర్పాటు మొదటి నుంచీ పనిచేస్తూ ఉంటుంది, అది రోజూ వాటిని తనంతట తానే వేస్తుంది. మీరు నెలల తరబడి వాయిదా వేశానని బాధపడుతున్నారు గానీ, చాలా భద్రతా సవరణలు ఇప్పటికే వచ్చి ఉంటాయి. లాగ్ చూసి నిర్ధారించుకోండి.

అయితే ఒక మెలిక ఉంది. ఆ ఆటోమేటిక్ ఏర్పాటు ఉబుంటు సొంత రిపోజిటరీకి మాత్రమే వర్తిస్తుంది. పీపీఏల నుంచి, బయటి కంపెనీల రిపోజిటరీల నుంచి వచ్చినవాటిని, మీరు ప్రత్యేకంగా చెబితే తప్ప, అది ముట్టుకోదు. చేత్తో దింపుకున్న డెబ్ ఫైళ్ల సంగతి ఇక దానికి తెలియనే తెలియదు. కాబట్టి మీరు అప్‌గ్రేడ్ కొట్టకుండా గడిపిన నెలల్లో భద్రతలో వెనకబడిపోయింది సిస్టమ్ కాదు, మీరు బయటి నుంచి తెచ్చిన సరుకే.

అప్‌గ్రేడ్ కొట్టినప్పుడు ఒక అలవాటు చేసుకోండి. "వై" నొక్కేముందు "రిమూవ్" అన్న మాట కింద ఏముందో చదవండి. కొత్తగా వచ్చేవాటి జాబితా చదవకపోయినా ఫర్వాలేదు, పోయేవాటి జాబితా మాత్రం చదవాలి. 2021 నవంబర్‌లో లైనస్ సెబాస్టియన్ తన యూట్యూబ్ ఛానల్‌లో చూపించిన సంఘటన చాలామందికి తెలిసే ఉంటుంది. పాప్ ఓఎస్‌లో స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోతే, అప్పటి ప్యాకేజీ లోపం వల్ల డెస్క్‌టాప్ మొత్తాన్నీ తీసేస్తానని ఆప్ట్ ముందే హెచ్చరించింది. "ఎస్, డూ యాజ్ ఐ సే" అని పూర్తిగా టైప్ చేయమని అడిగింది. ఆయన టైప్ చేశాడు, డెస్క్‌టాప్ పోయింది. ప్యాకేజీలో తప్పుండటం నిజమే, కొత్తవాళ్లను నిందించి లాభం లేదు. కానీ ఆ జాబితా దగ్గర ఆగి ఉంటే నష్టం జరిగేది కాదు.

ఇక మీ ఎర్రర్లు. మొదటిది "కెప్ట్ బ్యాక్". దీనికి ఒక కారణం ఉబుంటు అప్‌డేట్లను దశలవారీగా వదలడం. భద్రతేతర అప్‌డేట్‌ను మొదట కొద్దిమందికే ఇస్తారు, క్రాష్ రిపోర్టులు పెరగకపోతే మిగతావాళ్లకు విస్తరిస్తారు. అలాంటప్పుడు మీ వంతు ఇంకా రాలేదని అర్థం. కొన్ని రోజులాగితే అదే వస్తుంది. నెట్‌లో ఆ ప్యాకేజీ పేరు ఇచ్చి విడిగా ఇన్‌స్టాల్ చేయమంటారు, అలా చేయకండి. మీ మేలు కోసం పెట్టిన జాగ్రత్తను మీరే దాటినట్టవుతుంది. పైగా ఆ ప్యాకేజీ "చేత్తో వేసినది"గా గుర్తింపు పొంది, తర్వాత అక్కర్లేనివాటిని తీసేసే ఆటోరిమూవ్ దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తుంది. వారాలు గడిచినా అలాగే ఉంటే అప్పుడు "ఆప్ట్ పాలసీ" అని ప్యాకేజీ పేరుతో చూడండి. మీ దగ్గరున్న వెర్షన్ ఏది, ఏ ఏ చోట్ల ఏ వెర్షన్ దొరుకుతోంది అన్నది అది చెబుతుంది. లినక్స్ వాడేవాళ్లకు నేను నేర్పాలనుకునే కమాండ్ ఒక్కటే ఉంటే అది ఇదే.

రెండోది 404, లేదా "రిలీజ్ ఫైల్ లేదు" అన్న ఎర్రర్. ఆ పీపీఏలో 24.04 కోసం, అంటే నోబుల్ అనే కోడ్‌నేమ్ కోసం, ఎవరూ ప్యాకేజీలు తయారు చేయలేదన్నమాట. పాత ట్యుటోరియల్ చూసి చేర్చి ఉంటారు. కొందరు ఫైల్ తెరిచి నోబుల్ తీసేసి పాత వెర్షన్ కోడ్‌నేమ్ రాయమంటారు. ఎర్రర్ పోతుంది గానీ వేరే వెర్షన్ లైబ్రరీలకు కట్టిన ప్యాకేజీలు మీ సిస్టమ్‌లోకి వస్తాయి. డెబియన్ మీద ఉబుంటు పీపీఏలు పెట్టుకోవడం కూడా ఇదే కోవలోది. ఆ పీపీఏను తీసేయడమే సరైన పని.

మూడోది "నో పబ్‌కీ". రిపోజిటరీ సంతకాన్ని సరిచూసే తాళంచెవి మీ దగ్గర లేదని అర్థం. ఇక్కడే చాలామంది "ఆప్ట్ కీ" కమాండ్ వాడమని పాత సలహా ఇస్తారు. దాన్ని వాడొద్దని ఆప్ట్ తయారుచేసేవాళ్లే ఎప్పుడో చెప్పేశారు. ఆ పద్ధతిలో చేర్చిన కీ ఉమ్మడి గుత్తిలోకి వెళ్తుంది. ఒక చిన్న ప్రోగ్రాము కోసం చేర్చిన కీతో ఉబుంటు సొంత రిపోజిటరీ పేరు మీద సంతకం చేసినా ఆప్ట్ ఒప్పుకుంటుంది. ఇప్పటి పద్ధతిలో కీని "ఈటీసీ" కింద "ఆప్ట్"లోని "కీరింగ్స్" ఫోల్డర్‌లో పెట్టి, రిపోజిటరీ ఫైల్‌లో "సైన్డ్ బై" అన్న వరుసలో ఆ కీ పేరు రాస్తారు. అప్పుడు ఆ కీ ఆ రిపోజిటరీకే పనికొస్తుంది. 24.04లో పీపీఏ చేరిస్తే ఆ వరుస దానంతట అదే వస్తుంది. కంపెనీల రిపోజిటరీలకు మాత్రం వాళ్ల వెబ్‌సైట్‌లోని తాజా సూచనలు చూసి చేయండి. ఇంకొక మాట: "ట్రస్టెడ్ ఎస్" అని రాసి ఎర్రర్‌ను నోరు నొక్కేయమనే సలహా ఎక్కడ కనిపించినా ఆ పేజీ మూసేయండి. అది సంతకం పరీక్షనే ఆపేస్తుంది.

శుభ్రం చేసే పని ఇలా మొదలుపెట్టండి. "ఈటీసీ"లోని "ఆప్ట్" ఫోల్డర్ లోపల "సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డీ" అని ఇంకో ఫోల్డర్ ఉంది. అందులో ఉబుంటు సొంత ఫైల్ ఒకటి, మిగతావి చాలావరకు మీరు చేర్చినవే. ఒక్కొక్కదాని దగ్గర ఆగి, "ఇందులోంచి వచ్చిన ప్రోగ్రాము నేనింకా వాడుతున్నానా?" అని చూడండి. వాడనివి తీసేయాలి. పీపీఏ అయితే ఫైల్ చెరిపేస్తే సరిపోదు. దాని నుంచి వచ్చిన ప్యాకేజీలు అలాగే ఉండిపోతాయి, వాటికి ఇక అప్‌డేట్ ఇచ్చేవాళ్లే ఉండరు. "పీపీఏ పర్జ్" అనే చిన్న సాధనం ఉబుంటు రిపోలోనే ఉంది. అది పీపీఏను ఆపేసి, దాని ప్యాకేజీలను ఉబుంటు వెర్షన్లకు వెనక్కి తెస్తుంది. తర్వాత "ఆప్ట్ లిస్ట్" పక్కన కోట్స్‌లో ప్రశ్నార్థకం, వెంటనే "ఆబ్సలీట్" అని ఇవ్వండి. ఏ రిపోజిటరీలోనూ లేని, మీ కంప్యూటర్‌లో మాత్రమే మిగిలిన ప్యాకేజీలు బయటపడతాయి. చేత్తో వేసిన, రిపోజిటరీ లేని డెబ్ ప్యాకేజీలు ఇందులో దొరుకుతాయి. ఏది ఎప్పుడు ఏ కమాండ్‌తో వేశారో గుర్తు లేకపోతే "వార్" కింద "లాగ్"లోని "ఆప్ట్" ఫోల్డర్‌లో హిస్టరీ లాగ్ ఉంది, తేదీలతో సహా. ఇవన్నీ మొదలుపెట్టేముందు టైమ్‌షిఫ్ట్ అనే సాధనంతో ఒక స్నాప్‌షాట్ (ప్రస్తుత స్థితికి నకలు) తీసుకోండి. అది సిస్టమ్ ఫైళ్లను కాపాడుతుంది. మీ ఫోటోలు, డాక్యుమెంట్ల బ్యాకప్ విడిగా ఉండాల్సిందే.

ఇక ముందు బయటి సాఫ్ట్‌వేర్ కావాల్సి వస్తే నేను చూసే వరుస చెబుతాను. మొదట ఉబుంటు రిపోలో ఉందా అని చూస్తాను. ఉండి, వెర్షన్ పాతదైనా పని జరుగుతుంటే అక్కడితో ఆగిపోతాను. ఉబుంటు రిపోలోనూ మెయిన్, యూనివర్స్ అని రెండు ముఖ్యమైన భాగాలున్నాయి. మెయిన్‌కు భద్రతా సవరణల హామీ ఉబుంటును తయారుచేసే కానానికల్ కంపెనీది. యూనివర్స్‌కు పూర్తి హామీ కావాలంటే ఉబుంటు ప్రో అనే ఆ కంపెనీ చందా ఉండాలి, సొంత వాడకానికి అయిదు కంప్యూటర్ల వరకు అది ఉచితం. పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

రిపోలో లేకపోతే, లేదా నిజంగా కొత్త వెర్షనే కావాలంటే, డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు నేను ఫ్లాట్‌పాక్ అనే ప్యాకేజీ రకం వైపు చూస్తాను. అది తన లైబ్రరీలను తన రన్‌టైమ్ (ప్రోగ్రాముకు అడుగున ఉండే లైబ్రరీల కట్ట)లోనే తెచ్చుకుంటుంది, మీ సిస్టమ్ లైబ్రరీలను కదిలించదు. కొత్త వెర్షన్ కోసం అడుగున ఉన్నదాన్ని మార్చక్కర్లేదు. ఇది పీపీఏ కంటే ఎంతో మెరుగైన ఏర్పాటు. ఫ్లాట్‌పాక్‌లు దొరికే ఫ్లాట్‌హబ్ సైట్‌లో ప్రోగ్రాము పేజీ తెరిస్తే అసలు డెవలపరే పెట్టాడని చెప్పే వెరిఫైడ్ గుర్తు ఉందో లేదో చూడండి. అనుమతులు కూడా చూడండి. హోమ్ ఫోల్డర్ మొత్తం కావాలని అడిగే ప్రోగ్రాముకు, మిగతా సిస్టమ్ నుంచి దాన్ని వేరుచేసే రక్షణ గోడ పేరుకే ఉన్నట్టు. ఫ్లాట్‌సీల్ అనే ప్రోగ్రాముతో అలాంటి అనుమతులను తగ్గించుకోవచ్చు. వీటి అప్‌డేట్ ఆప్ట్‌తో రాదు, "ఫ్లాట్‌పాక్ అప్‌డేట్" విడిగా కొట్టాలి. ఫలానా రన్‌టైమ్‌కు కాలం తీరిందని అది చెబితే, ఆ ప్రోగ్రామును ఎవరూ పట్టించుకోవడం లేదని గ్రహించండి.

ఉబుంటు సొంత ప్యాకేజీ రకమైన స్నాప్‌లు రోజుకు నాలుగుసార్లు వెతుక్కుని తమంతట తామే అప్‌డేట్ అవుతాయి. మర్చిపోయేవాళ్లకు అది మేలే. మధ్యలో ఆపాలంటే "స్నాప్ రిఫ్రెష్"కు "హోల్డ్" జోడించవచ్చు. "క్లాసిక్" అన్న మాట ఉన్న స్నాప్‌కు మాత్రం రక్షణ గోడ ఏమీ ఉండదు.

స్టోర్‌లో ఉంది కదా అని కళ్లు మూసుకోవడం మాత్రం కుదరదు. 2018 మేలో స్నాప్ స్టోర్‌లోని ఒక ఆటలో క్రిప్టో మైనింగ్ కోడ్ దొరికింది. 2025 జులైలో ఆర్చ్ అనే డిస్ట్రోకు వాడేవాళ్లే ప్యాకేజీలు పెట్టే ఏయూఆర్‌లో ఫైర్‌ఫాక్స్, లిబ్రెవుల్ఫ్ బ్రౌజర్ల పేర్లను తగిలించుకున్న ప్యాకేజీల్లో రిమోట్‌గా కంప్యూటర్‌ను వశం చేసుకునే మాల్‌వేర్ బయటపడింది. ఎవరైనా ఖాతా తెరిచి పెట్టగలిగే చోటు ఏదైనా ఇంతే. పెట్టినవాళ్లెవరో చూడాలి.

డెబ్ ఫైళ్లలో రెండు రకాలున్నాయి, ఈ తేడా చాలామందికి తెలియదు. క్రోమ్, వీఎస్ కోడ్ లాంటి వాటి డెబ్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే తమ రిపోజిటరీని కూడా చేర్చగలవు. ఆ తర్వాత అప్‌డేట్లు మామూలుగా ఆప్ట్‌లోనే వస్తాయి. రెండో రకం డెబ్ ఒంటరిది. దింపిన రోజు ఏ వెర్షనో, మీరు మళ్లీ వెళ్లి దింపేదాకా అదే. మీటింగ్‌లకూ చాటింగ్‌కూ వాడే ప్రోగ్రాములు, అంటే నేరుగా నెట్‌తో మాట్లాడేవి, ఇలా ఒంటరి డెబ్‌గా ఉండటం నాకు నచ్చదు. వాటికి వెరిఫైడ్ ఫ్లాట్‌పాక్ దొరికితే దానికి మారండి. డెబ్ ఫైల్ వేసేటప్పుడు "డీపీకేజీ"తో కాకుండా "ఆప్ట్ ఇన్‌స్టాల్" పక్కన చుక్క, స్లాష్, ఫైల్ పేరు ఇచ్చి వేయండి. దానికి కావాల్సిన మిగతా ప్యాకేజీలను ఆప్ట్ చూసుకుంటుంది.

యాప్‌ఇమేజ్ (ప్రోగ్రాము మొత్తం ఒకే ఫైల్‌గా ఉండే రకం) తెరిస్తే నడుస్తుంది, కానీ దానికి అప్‌డేట్ ఇచ్చే వ్యవస్థ సిస్టమ్‌లో లేదు. ఒకటి రెండుసార్లు వాడి వదిలేసే పనిముట్లకు బాగుంటుంది. ఉబుంటు 24.04లో కొన్ని యాప్‌ఇమేజ్‌లు తెరవకపోతే "నో శాండ్‌బాక్స్" జోడించి నడపమని సలహా ఇస్తారు. మామూలు యూజర్లు నేమ్‌స్పేస్‌లు (ప్రోగ్రామును వేరుచేసి ఉంచే గదుల్లాంటివి) సృష్టించడంపై ఉబుంటు పెట్టిన కొత్త ఆంక్ష వల్ల ఆ ఇబ్బంది వస్తోంది. దాన్ని దాటడానికి ప్రోగ్రాము లోపలి రక్షణనే ఆపేయడం తప్పు బేరం. అదే ప్రోగ్రాము వేరే రూపంలో దొరుకుతుందేమో చూడండి.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. పైథాన్ ప్యాకేజీలు వేసే "పిప్"తో ఏదైనా వేయబోతే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అన్న ఎర్రర్ వస్తుంది. దాన్ని దాటడానికి "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" అనే ఆప్షన్ ఉంది. దాని పేరులోనే హెచ్చరిక ఉంది. పీపీఏలు చేర్చే కమాండ్, అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ కూడా పైథాన్‌లో రాసినవే. సిస్టమ్ పైథాన్ కింద మీరు ఏదైనా మారిస్తే అప్‌డేట్ చేసే సాధనాలే పడిపోవచ్చు. కమాండ్ రూపంలో వాడే ప్రోగ్రాములకు "పిప్ఎక్స్", ప్రాజెక్టులకు "వెన్వ్" వాడండి, అవి సిస్టమ్ పైథాన్‌ను ముట్టుకోకుండా విడిగా ఉంటాయి. కొత్త పైథాన్ కోసం సిస్టమ్ "పైథాన్ 3" లింకును ఎప్పుడూ మార్చకండి.

అప్‌గ్రేడ్ అయ్యాక రీస్టార్ట్ అవసరమా అన్నది తరచూ వచ్చే సందేహం. ఫైల్ మారినా, అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాము మెమరీలో పాత లైబ్రరీనే పట్టుకుని ఉంటుంది. దాన్ని మూసి తెరిచేదాకా సవరణ దానికి వర్తించదు. కెర్నల్ మారితే రీస్టార్ట్ తప్పదు. "రీబూట్ రిక్వైర్డ్" అని సిస్టమే చెబుతుంది. కంప్యూటర్‌ను నెలల తరబడి సస్పెండ్‌లోనే నడిపేవాళ్లు అన్ని అప్‌డేట్లూ వేసి కూడా పాత కెర్నల్ మీదే ఉంటారు. కొత్త కెర్నల్‌తో ఇబ్బంది వస్తే బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్"లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోవచ్చు. అది అందుకోసమే అక్కడ ఉంటుంది. మరీ పాతవాటిని "ఆప్ట్ ఆటోరిమూవ్" తీసేస్తుంది. బూట్ విభాగం నిండిపోవడం వల్ల అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయే సమస్య కూడా దాంతో తగ్గుతుంది.

ఎన్విడియా కార్డు ఉంటే డ్రైవర్‌ను "అడిషనల్ డ్రైవర్స్" నుంచే తీసుకోండి. వాళ్ల వెబ్‌సైట్‌లోని రన్ ఫైల్ వేస్తే దాని సంగతి ఆప్ట్‌కి తెలియదు. కెర్నల్ మారిన రోజున స్క్రీన్ నల్లగా మిగలడానికి అది బాగా తెలిసిన కారణం.

వెర్షన్ మారే అప్‌గ్రేడ్‌కు తొందర లేదు. 24.04కు మామూలు మద్దతు 2029 వరకు ఉంది. తర్వాతి ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు ఉండే వెర్షన్) మొదటి పాయింట్ విడుదల (సవరణలు కలిపిన విడుదల) వచ్చాకే మామూలుగా మీకు కబురు వస్తుంది, అప్పటిదాకా ఆగండి. ఆ అప్‌గ్రేడ్ సమయంలో బయటి రిపోజిటరీలన్నీ ఆగిపోతాయి. కొత్త కోడ్‌నేమ్‌కు వాళ్లు ప్యాకేజీలు ఇస్తున్నారో లేదో చూసి ఒక్కొక్కటే మళ్లీ తెరవాలి.

చివరగా మీరు నడిపిన ఇన్‌స్టాల్ స్క్రిప్టు. నాకు అన్నిటికంటే అనుమానంగా ఉన్నది అదే. పీపీఏ అయితే జాబితాలో కనిపిస్తుంది. స్క్రిప్టు ఏం చేసిందో ఆప్ట్‌కి తెలియదు. నెట్ నుంచి దింపే "కర్ల్" నుంచి, దాన్ని నడిపే "బాష్"కు నేరుగా పంపే కమాండ్ కాబట్టి మీరు దాన్ని చదివి ఉండరు. ఇప్పుడు అదే చిరునామాను బ్రౌజర్‌లో తెరిచి చదవండి. పేరున్న ప్రాజెక్టుల స్క్రిప్టులు చాలావరకు చేసేది ఒక రిపోజిటరీ చేర్చి ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేయడమే. అలాగైతే భయం లేదు, ఆ ఫైల్ మీరు చూసిన ఫోల్డర్‌లోనే ఉంటుంది. అలా కాకుండా ఫైళ్లను నేరుగా "యూఎస్ఆర్" కింద "లోకల్"లోకి కాపీ చేసి ఉంటే జాగ్రత్త పడాలి. ప్రోగ్రాముల కోసం వెతికేటప్పుడు సిస్టమ్ ఆ చోటునే ముందు చూస్తుంది. రేపు ఉబుంటు అదే పేరుతో సరిచేసిన వెర్షన్ పంపినా, నడిచేది మాత్రం లోకల్‌లోని పాతదే. ఆ ఫోల్డర్‌లోని "బిన్", "లిబ్" తెరిచి చూడండి. తాజాగా ఇన్‌స్టాల్ చేసిన ఉబుంటులో ఆ రెండు చోట్లా దాదాపు ఏమీ ఉండదు కాబట్టి, కనిపించేవి స్క్రిప్టు పెట్టినవో మీరు పెట్టినవో అయి ఉంటాయి. స్క్రిప్టు ఏమేం కాపీ చేసిందో దానిలోనే రాసి ఉంటుంది. ఆ పేర్లు పట్టుకుని తీసేసి, అదే ప్రోగ్రామును ఫ్లాట్‌పాక్‌గానో ఆ ప్రాజెక్టు సొంత రిపోజిటరీ నుంచో మళ్లీ వేసుకోండి. ఏ ఫైల్ తీయాలో తేల్చుకోలేకపోతే చెరపకుండా ఆ రెండు ఫోల్డర్ల జాబితా, స్క్రిప్టు చిరునామా నాకు పంపండి, చూసి చెబుతాను.